‘రైట్ ఆఫ్’ అంటే మాఫీ కాదు: ఒక ఇంగ్లిష్ మాట, దాని అర్థాలు, వాడుక

మా ఖాలూ చాలా ఏళ్ల కిందట రెండు కుట్టు మిషన్ల కోసం బ్యాంకులో లోన్ తీసుకున్నారు. కొన్నాళ్లు సరిగ్గానే కట్టారు. తర్వాత దుకాణం నడవలేదు, వాయిదాలు ఆగిపోయాయి. ముందు ఫోన్లు, ఆ తర్వాత నోటీసులు వచ్చాయి. కొంతకాలానికి అవి కూడా ఆగిపోయాయి. ఓసారి బ్రాంచికి వెళ్లి అడిగితే కౌంటర్‌లో ఉన్నాయన కంప్యూటర్ చూసి, ‘మీది రైట్ ఆఫ్ అయిపోయిందండీ’ అన్నాడట. ఇంట్లో అందరూ ‘మాఫ్ హో గయా’ అనుకున్నారు. ఖాలా ఆ రోజు సేమియా ఖీర్ చేసి పక్కింటికి కూడా పంపింది.

ఈ ఏడాది వాళ్ల అబ్బాయికి ఎడ్యుకేషన్ లోన్ కోసం వెళ్లారు. తండ్రిని కో-అప్లికెంట్‌గా పెట్టారు. బ్యాంకువాళ్లు ఆయన క్రెడిట్ రిపోర్టు తీసి ముందుకు తోశారు. అందులో పాత లోన్ ఎదురుగా ‘రిటెన్ ఆఫ్’ అని ఉంది. ఖాలా నాకు ఫోన్ చేసి అడిగిన మాట ఇది: ‘కొట్టేశామని వాళ్లే రాశారు కదా బేటా, మరి మళ్లీ ఎందుకు అడుగుతున్నారు?’

నేను బీకాం చదివాను. మూడేళ్లు ఈ మాట రాసే పరీక్షలు పాసయ్యాను. కానీ ఇంట్లోవాళ్లకు దీని అర్థం చెప్పాలని ఏనాడూ తోచలేదు. ఆ బాకీ కూడా తీరినట్టుంటుందని ఇప్పుడు రాస్తున్నాను.

పద్దు పుస్తకంలో పుట్టిన మాట

ఇంగ్లిష్‌లో ఒక క్రియ పక్కన ‘ఆఫ్’, ‘అప్’, ‘డౌన్’ లాంటి చిన్న మాట చేరితే అర్థం మొత్తం మారిపోతుంది. దాన్నే ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ‘రైట్’ అంటే రాయడం. దానికి ‘ఆఫ్’ చేరితే, రాసి ఖాతాలోంచి తీసేయడం. తెలుగులో రాస్తే కుడివైపును, హక్కును చెప్పే ‘రైట్’ కూడా ఇలాగే కనిపిస్తుంది. వాటితో దీనికి సంబంధం లేదు.

ముందు దుకాణం లెక్కలో చూద్దాం. మీకు బట్టల షాపు ఉందనుకోండి. ఒక కస్టమర్ రంజాన్‌కు 8,000 రూపాయల బట్టలు అరువు తీసుకెళ్లాడు. రెండేళ్లయినా ఇవ్వలేదు, ఊరు కూడా మారాడు. మీ పుస్తకంలో మాత్రం ఆ 8,000 ‘రావలసింది’ కిందే కూర్చుని ఉంది. రాని డబ్బును ఆస్తిగా చూపిస్తే మన లెక్క మనకే అబద్ధం చెబుతుంది. అందుకని దాన్ని నష్టంగా రాసుకుంటాం. బ్యాడ్ డెట్స్ అకౌంట్ డెబిట్, ఆ కస్టమర్ అకౌంట్ క్రెడిట్. రైట్ ఆఫ్ చేయడమంటే ఇంతే.

ఆ మనిషికి అప్పు పోయిందా? పోలేదు. రేపు అతను బజార్లో ఎదురైతే మీరు అడగొచ్చు, ఇస్తే తీసుకోవచ్చు. అలా వచ్చిన డబ్బు రాసుకోవడానికి అకౌంటెన్సీలో ‘బ్యాడ్ డెట్స్ రికవర్డ్’ అని వేరే ఖాతా ఉంది. రైట్ ఆఫ్ చేయగానే అప్పు తీరిపోయేదైతే ఆ ఖాతాతో పనే లేదు. మా లెక్చరర్ ఈ ముక్క ఒక్కటీ చెప్పి ఉంటే బాగుండేది. ఆయన జర్నల్ ఎంట్రీ బోర్డు మీద రాసి మమ్మల్ని ఎక్కించుకోమనేవారు, అంతే.

పన్ను చట్టానిదీ ఇదే పద్ధతి. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 36, రైట్ ఆఫ్ చేసిన బాకీని లాభంలోంచి తగ్గించుకోనిచ్చింది. 1989 ఏప్రిల్ 1 తర్వాత, డబ్బు నిజంగా రాదని వ్యాపారి నిరూపించక్కర్లేదు, పుస్తకాల్లో రైట్ ఆఫ్ చేస్తే చాలు అని టీఆర్ఎఫ్ లిమిటెడ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే బాకీ తర్వాత వసూలైతే, దాన్ని ఆ ఏడాది ఆదాయంగా చూపి పన్ను కట్టాలని అదే చట్టంలోని సెక్షన్ 41 చెప్పింది.

బ్యాంకు నోట ఇదే మాట

బ్యాంకులో వాయిదా 90 రోజులు దాటి ఆగితే ఆ లోన్‌ను ఎన్‌పీఏ అంటారు, అంటే మొండి బకాయి. పంట రుణాలకు ఈ గడువు పంట కాలాన్ని బట్టి ఉంటుంది. ఎన్‌పీఏ పాతబడేకొద్దీ బ్యాంకు తన లాభాల్లోంచి దానికి ఎదురుగా కొంత కొంత డబ్బు పక్కన పెడుతుంది. మామూలుగా నాలుగేళ్లకు పూర్తి మొత్తం పక్కన పెట్టేశాక, ఆ లోన్‌ను తన బ్యాలెన్స్ షీట్‌లోంచి తీసేస్తుంది. దీనివల్ల పుస్తకం శుభ్రపడుతుంది, పన్నులోనూ ఉపశమనం వస్తుంది. ఇదంతా బ్యాంకుకు, దాని పుస్తకానికి మధ్య జరిగే వ్యవహారం. అప్పు తీసుకున్న మనిషికి ఇందులో పాత్ర లేదు, లాభమూ లేదు.

రిజర్వు బ్యాంకు 2023 జూన్ 8న ఇచ్చిన సర్క్యులర్‌లో ‘టెక్నికల్ రైట్ ఆఫ్’ అంటే ఏమిటో చెప్పింది. దాని సారాంశం ఇది: అప్పు తీసుకున్నవాడి ఖాతాలో బాకీ అలాగే ఉంటుంది, బ్యాంకు తన లెక్కల కోసం మాత్రమే దాన్ని తీసేస్తుంది, అడిగే హక్కు ఏ మాత్రం వదులుకోదు. కాబట్టి వడ్డీతో సహా అడగొచ్చు, కోర్టుకు వెళ్లొచ్చు, తాకట్టు ఉంటే దాని మీదికి రావచ్చు. జామీను సంతకం పెట్టినవాళ్లకూ విడుదల ఉండదు. మనవాళ్లలో తమ్ముడి కోసమో, బావమరిది కోసమో ఆలోచించకుండా జామీను సంతకం పెట్టేవాళ్లు చాలామంది. వాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

రాజకీయాల్లో ఈ మాట మీద ఏటా గొడవే. 2022 డిసెంబరులో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ రాజ్యసభలో చెప్పిన లెక్క ప్రకారం, అంతకు ముందు 5 ఆర్థిక సంవత్సరాల్లో బ్యాంకులు సుమారు 10.09 లక్షల కోట్ల రూపాయలు రైట్ ఆఫ్ చేశాయి. ‘పెద్దోళ్లకు మాఫీ చేశారు’ అని ప్రతిపక్షం, ‘మాఫీ కాదు, రైట్ ఆఫ్ మాత్రమే’ అని ప్రభుత్వం. మాట అర్థం వరకు ప్రభుత్వం చెప్పిందే సరి. కానీ అదే కాలంలో రైట్ ఆఫ్ ఖాతాల నుంచి తిరిగి వసూలైంది సుమారు 1.32 లక్షల కోట్లు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే జనానికి కోపం ఎందుకొస్తుందో కూడా అర్థమవుతుంది. పెద్ద బాకీలో హక్కు కాగితం మీద బతికి ఉంటుంది. చిన్న బాకీలో మాత్రం అది కొడుకు చదువుకు అడ్డం నిలబడుతుంది.

వేవ్, వేవ్ ఆఫ్, రైట్ ఆఫ్

అసలు తికమక ఎక్కడ మొదలవుతుందో చెప్తాను. మాఫీకి ఇంగ్లిష్‌లో సరైన మాట ‘వేవ్’, నామవాచకం ‘వేవర్’. ‘ద గవర్నమెంట్ వేవ్డ్ ద లోన్’ అంటే సరిపోతుంది, ‘ఆఫ్’ అక్కర్లేదు. మన దేశంలో మాత్రం టీవీ స్క్రోలింగుల్లోనూ, మాటల్లోనూ ‘లోన్ వేవ్ ఆఫ్’ అని స్థిరపడిపోయింది. ఇంగ్లిష్‌లో ‘వేవ్ ఆఫ్’ అని వేరే మాట ఉంది, దాని స్పెల్లింగూ వేరు. రైలెక్కినవాళ్లకు చెయ్యి ఊపి వీడ్కోలు చెప్పడం, లేదా ఎవరైనా చెప్పబోతే చేత్తోనే వద్దనేయడం దాని అర్థం. మనం మాఫీకి లేని ‘ఆఫ్’ తగిలించేసరికి, అది ‘రైట్ ఆఫ్’ పక్కన కవల పిల్లలా నిలబడింది. చెవికి రెండూ ఒకటే అనిపిస్తాయి. ఖాలా ఖీర్ వండింది ఆ పొరపాటుతోనే.

వేవర్ ఎలా ఉంటుందో మన రైతులకు తెలుసు. 2008 ఫిబ్రవరి 29న బడ్జెట్‌లో పి.చిదంబరం ప్రకటించిన వ్యవసాయ రుణమాఫీ వేవర్. తెలంగాణలో 2024 జులై 18న మొదలైన 2 లక్షల దాకా పంట రుణమాఫీ కూడా వేవరే. రైతు కట్టాల్సింది ప్రభుత్వం బ్యాంకుకు కట్టింది. డబ్బు బ్యాంకుకు చేరింది కాబట్టి అంత మేరకు అప్పు నిజంగానే తీరింది. రైట్ ఆఫ్‌లో అలా ఎవరూ ఎవరికీ ఏమీ కట్టరు.

తెలుగు పత్రికలు రైట్ ఆఫ్‌ను ‘రుణాల రద్దు’ అని రాస్తుంటాయి. తప్పు పట్టాలని కాదు గానీ, ‘రద్దు’ అనగానే చదివేవాడికి అప్పు పోయిందనే అనిపిస్తుంది. ‘పద్దుల్లోంచి తొలగించారు’ అని రాస్తే రెండు అక్షరాలు ఎక్కువైనా అర్థం చెడదు. ఉర్దూలో, హిందీలో దీనికి ‘బట్టే ఖాతే మే డాల్నా’ అనే చక్కటి మాట ఉంది. బట్టా ఖాతా అంటే రాని బాకీలు రాసుకునే ఖాతా. అప్పు ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి పోయిందే తప్ప చచ్చిపోలేదన్న సంగతి ఆ మాటలోనే ఉంది.

లెక్కల భాష విషయంలో మన రెండు భాషలూ చుట్టాలే. జమ, బాకీ, వసూలు, రద్దు, మాఫీ ఇవన్నీ అరబీ మూలం నుంచి ఉర్దూ మీదుగా తెలుగు పద్దు పుస్తకంలోకి వచ్చి కూర్చున్నవే. ‘రుణమాఫీ’లో సగం సంస్కృతం, సగం అరబీ. మాఫీ చేసే అధికారం ఎప్పుడూ ఇవ్వాల్సినవాడిది కాదు, రావాల్సినవాడిది. మెహర్ విషయంలో మనకు ఇది బాగా తెలుసు. మాఫ్ చేయాల్సింది అందుకోవాల్సిన భార్యేగానీ, ఇవ్వాల్సిన భర్త కాదు కదా. బ్యాంకు కూడా ‘వదులుకున్నాను’ అని కాగితం మీద రాసిచ్చేదాకా అది మాఫీ కాదు.

బండి, మనిషి, రోజు

లెక్కల పుస్తకం దాటి ఈ మాట బయట చాలా చోట్ల తిరుగుతుంది. మొదటిది బండి. ప్రమాదంలో కారు బాగు చేయడానికి వీల్లేనంతగా, లేదా బాగు చేసినా గిట్టుబాటు కానంతగా దెబ్బతింటే ‘ద కార్ ఈజ్ ఎ రైట్ ఆఫ్’ అంటారు. బ్రిటన్‌లో ఇది రోజువారీ మాట. అమెరికాలో దీన్నే ‘టోటల్డ్’ అంటారు. మన దగ్గర ఇన్సూరెన్సువాళ్ల మాట ‘టోటల్ లాస్’. బండి ఐడీవీలో 75 శాతానికి మించి రిపేరు ఖర్చయ్యేలా ఉంటే దాన్ని కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్‌గా లెక్కగడతారు. ఐడీవీ అంటే ఇన్సూరెన్సులో రాసుకున్న బండి విలువ. అది ఏటా తగ్గుతూ వస్తుంది. రెండేళ్లు దాటి మూడేళ్లలోపు బండికి 30 శాతం, నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు బండికి 50 శాతం తరుగు తీసేస్తారు. కొన్న ధర మొత్తం వస్తుందని ఎదురుచూస్తే నిరాశే.

లండన్‌లోనో, మాంచెస్టర్‌లోనో ఉన్న మనవాళ్లు సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ప్రకటనలో ‘కేటగిరీ ఎస్’, ‘కేటగిరీ ఎన్’ అని కనిపిస్తే ఆగి చూడాలి. ఒకసారి రైట్ ఆఫ్ అయి, మళ్లీ బాగు చేయించిన కార్లు అవి. 2017 అక్టోబరు నుంచి అక్కడ ఈ అక్షరాలు వాడుతున్నారు. ఎస్ అంటే బండి చట్రానికే దెబ్బ తగిలిందని, ఎన్ అంటే చట్రానికి తగల్లేదని.

రెండోది మనిషి. ఎవరినైనా ‘ఇక వీడి పని అయిపోయింది’ అని తీసిపారేయడాన్నీ రైట్ ఆఫ్ అనే అంటారు. తెలుగులో ‘నీళ్లొదులుకోవడం’ దీనికి దగ్గరగా వస్తుంది. ఆటల పేజీల్లో ఇది ఎక్కువ. 2001 మార్చిలో కోల్‌కతా టెస్టులో ఫాలోఆన్ ఆడిన ఇండియాను ఆస్ట్రేలియా మీద గెలుస్తుందని ఎవరూ అనుకోలేదు. మన హైదరాబాద్ లక్ష్మణ్ 281 కొట్టాడు, ఇండియా 171 పరుగులతో గెలిచింది. ‘ఎవ్రీవన్ హాడ్ రిటెన్ ఇండియా ఆఫ్’ అని రాయడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

నిజామాబాద్ నిఖత్ జరీన్‌కు 2017లో భుజానికి గాయమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్లీ చాంపియన్. 2025 చాంపియన్స్ ట్రోఫీ జట్టులో చోటు దక్కని మహ్మద్ సిరాజ్, అదే ఏడాది ఆగస్టు 4న ఓవల్ టెస్టులో ఆఖరి వికెట్ పడగొట్టి ఇండియాను 6 పరుగుల తేడాతో గెలిపించాడు. ‘డోంట్ రైట్ హిమ్ ఆఫ్’, ‘నెవర్ రైట్ హర్ ఆఫ్’ అనే వాక్యాలు ఇలాంటివాళ్ల గురించే. ‘దే రోట్ హిమ్ ఆఫ్ ఆజ్ ఎ ఫెయిల్యూర్’ అని ‘ఆజ్’ చేర్చి, ఏమని తీసిపారేశారో కూడా చెప్పొచ్చు. ఇంటర్ తప్పిన పిల్లవాడి గురించి ఇంగ్లిష్‌లో మాట్లాడాల్సి వస్తే ఈ మాట వాడొచ్చు, వాడకపోవడం ఇంకా మంచిది.

మూడోది రోజు. వాన పడి, కరెంటు పోయి, అనుకున్న పని ఒక్కటీ కాకపోతే ‘ద డే వాజ్ ఎ రైట్ ఆఫ్’. రోజంతా దండగ అని అర్థం. ఇంకో పాత వాడుక కూడా ఉంది. ఫారం కోసమో, వివరాల కోసమో ఉత్తరం రాసి పంపడాన్ని ‘రైట్ ఆఫ్ ఫర్’ అనేవాళ్లు. ఉత్తరాలతో పాటే అదీ తగ్గిపోయింది.

వాడేటప్పుడు

రూపాలు మూడు: రైట్, రోట్, రిటెన్. తప్పు ఎక్కువగా జరిగేది సర్వనామం దగ్గర. ‘ఇట్’, ‘హిమ్’, ‘దెమ్’ లాంటివి మధ్యలోనే రావాలి. ‘ద బ్యాంక్ రోట్ ఇట్ ఆఫ్’ సరి, ‘రోట్ ఆఫ్ ఇట్’ తప్పు. నామవాచకమైతే రెండు చోట్లా పెట్టొచ్చు: ‘రోట్ ఆఫ్ ద లోన్’ అన్నా సరే, ‘రోట్ ద లోన్ ఆఫ్’ అన్నా సరే. క్రియగా వాడితే రెండు విడి మాటలు. నామవాచకంగా వాడితే మధ్యలో చిన్న గీత పెట్టాలి, పలికేటప్పుడు ఒత్తు ‘రైట్’ మీద పడుతుంది. బ్యాంకు పరీక్షలు రాసే పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

దీని అన్నదమ్ములతోనూ జాగ్రత్త. ‘రైట్ డౌన్’ లెక్కల్లో అయితే ఆస్తి విలువను కొంత తగ్గించడం, మొత్తం తీసేయడం కాదు. ‘రైట్ బ్యాక్’ అంటే నష్టానికని ముందే పక్కన పెట్టిన డబ్బు అవసరం పడకపోతే తిరిగి లాభంలో కలుపుకోవడం.

మీ రిపోర్టులో ఈ మాట ఉంటే

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. పెళ్లికో, చదువుకో, ఇంటికో లోన్ అడగబోయే ముందే తీసి చూసుకోండి. ‘రిటెన్ ఆఫ్’ అంటే బాకీ ఇంకా ఉందని అర్థం. ‘సెటిల్డ్’ అంటే బ్యాంకు కొంత వదులుకుని మిగతాది తీసుకుందని, అదీ పూర్తి మంచి పేరు కాదు. ‘క్లోజ్డ్’ అని పడి, బాకీ సున్నా ఉంటేనే ఆ ఖాతా నిజంగా తీరినట్టు.

తక్కువకు సెటిల్ చేస్తామని ఎవరైనా చెబితే, ఎంతకు, ఎప్పటిలోగా, రిపోర్టులో ఏమని మారుస్తారో బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి. ఏజెంటు చేతికి నగదు ఇవ్వొద్దు. ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం. బాకీ మొత్తం కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అయినా రిపోర్టు మారకపోతే ఆ క్రెడిట్ సంస్థకూ, బ్యాంకుకూ ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.

‘రుణమాఫీ సర్టిఫికెట్ ఇప్పిస్తాం, ఫీజు కట్టండి’ అని ప్రకటనలు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు అలాంటి అధికారమేదీ లేదని రిజర్వు బ్యాంకే 2023 డిసెంబరులో హెచ్చరించింది. మా ఖాలూకు కూడా అలాంటి ఫోన్ వచ్చింది, అదృష్టవశాత్తూ ఫీజు కట్టే ముందు నన్ను అడిగారు.

తర్వాత ఆయన్ను బ్రాంచికి నేనే తీసుకెళ్లాను. అసలు, వడ్డీ విడివిడిగా రాయించుకున్నాం. ఖాలా గాజులు రెండు అమ్మి, మామూ దగ్గర కొంత తీసుకుని, మొత్తం కట్టేశారు. సర్టిఫికెట్ చేతికొచ్చింది. రిపోర్టు ఇంకా మారలేదు, అబ్బాయి కాలేజీ ఫీజుకు ఆఖరు తేదీ వచ్చే నెల 10. ఫిర్యాదు పెట్టి ఇవాళ్టికి పన్నెండు రోజులు.